కరుణ ఉన్న దిబ్బ

శుక్రవారం, రాత్రి

మా అమ్మాయి కరుణతో యూనివర్సిటీలో చదివిన సతీషు ఇవాళ వచ్చాడు. అది సగంలో వదిలేసిన పని, పాత ఊళ్ళు వెతకడం, వాళ్ళు పూర్తి చేశారంట. లాప్‌టాప్‌లో చూపించాడు. వెనకటి కాలం ఊళ్ళన్నీ చుక్కలు, వాటి మధ్య రాకపోకలన్నీ గీతలు. గీతలు ఎక్కువగా ఒక్క చుక్క మీదుగానే పోతున్నాయి.

"అది మీ సమాధుల దిబ్బేనండి. దాని కింద పెద్ద ఊరు ఉండుండాలి."

"ఉంటే ఏంటి బాబూ?"

"లేకపోతే ఏమవుద్దో చూడండి ఆంటీ" అని ఆ చుక్క తీసేశాడు. గీతలు తెగిపోయి మిగతా చుక్కలు ఎక్కడివక్కడ ఉండిపోయాయి.

"మళ్ళీ పెట్టెయ్ బాబూ" అన్నాను.

తవ్వితేగాని రుజువు కాదంట. పాత సమాధుల జోలికి రారంట, తూర్పు అంచునే తవ్వుతారంట. ఆ అంచున ఉన్నది కరుణ ఒక్కతే. దాన్ని పక్కకి జరపాలి.

"మీరు ఒప్పుకుంటేనేనండి" అన్నాడు తల వంచుకుని. ఆదివారం చర్చిలో పాస్టరు గారికి అవునో కాదో చెప్పాలి.

"ఆ చోటు ఇదేనని కరుణకి తెలుసా?" అని అడిగాను.

"లేదండి. తను పోయాకే తేలింది."

ఎంత ఎండలో తిరిగింది దీని కోసం. వద్దంటే ఆ కష్టమంతా మట్టిలోనే ఉండిపోతుంది. సరే అంటే, ఒకసారి పడుకోబెట్టిన పిల్లని మళ్ళీ లేపాలి. మా ఆయన్ని అడిగితే నువ్వే చెప్పు అని అటు తిరిగి పడుకున్నారు.

పొద్దున్నే దిబ్బ మీదకి వెళ్తాను. నువ్వు వెతికిన చోటు ఇదేనంటమ్మా అని ముందు దానికి చెప్పాలి. ఆ తర్వాత, నిన్ను పక్కకి జరపనా అని అడగడానికి నోరు వస్తుందో రాదో.