మాసిడోనియా పాఠం

బొబ్బిలి, 1968 ఆషాఢం, ఆదివారం

రేపు క్లాసులో చెప్పాల్సిన పాఠం అరుగు మీద కూర్చుని పైకి చదువుకుంటున్నాను. పాతికేళ్ల అలవాటు. మాసిడోనియా రాజు యుద్ధంలో చనిపోతే, పసివాడైన అతని కొడుకు తరఫున ఆ రాజు తమ్ముడు ఫిలిప్ పాలన చేపట్టాడు. తర్వాత తానే రాజై, పొరుగు రాజ్యాలన్నీ కలిపేసుకున్నాడు.

పక్కన బియ్యం చెరుగుతున్న వదిన చెయ్యి ఆగింది.

"ఆ పిల్లడు ఏటైపోనాడు బాబూ?"

పెద్దవాడయ్యాక అతన్ని ఫిలిప్ కొడుకే చంపించాడు. "పుస్తకంలో రాయలేదు వదినా" అన్నాను.

అన్నయ్య పోయి నాలుగేళ్లు. ఆయన రెండెకరాలు ఆయన పిల్లవాడి పేరునే ఉన్నాయి, సాగు నాది. నీళ్లు సులువుగా పారతాయని, మొన్న దమ్ముకు ముందు ఆ పొలానికీ నా పొలానికీ మధ్య గట్టు కొట్టించేశాను. నిజంగా నీళ్ల కోసమేనా...

వదిన తలెత్తకుండానే మళ్లీ అడిగింది.

"కోతలయినాక ఆ గట్టు మళ్లీ ఏయిస్తావా?"

"తప్పకుండా" అన్నాను.

సాయంత్రం పొలం వెళ్లి వెతికాను. బురదలో గట్టు ఆనవాలే లేదు. చూడగానే మనసు తేలికపడింది. అలా తేలికపడినందుకే ఇప్పుడు నిద్ర పట్టడం లేదు.