జేబులో దాచిన పేస్టు ముక్క

హోసూరు,
18-8-1981

వెంకటరమణప్ప మామకు మేనల్లుడి నమస్కారాలు.

మీ నాన్నగారి పాత మిలిటరీ మోటార్‌సైకిల్ సూళగిరి దారిలో ఇంజను పట్టేసి ఆగిపోయింది మీ కొడుకు మునిరాజు వల్ల కాదు, నా వల్ల.

ఆ కాలం ఇంజన్లు నాలుగు చుక్కలు కారుస్తాయని నాకు తెలుసు. కానీ అత్త "ముగ్గు మీదంతా ఆయిలే అప్పా" అనేసరికి, "ఇంక ఒక్క చుక్క కారితే నన్ను అడగండి" అని కోతలు కోశాను. ఇంజను అతుకుల్లో పలచగా రాయాల్సిన గాస్కెట్ పేస్టును మందంగా పూశాను. బయట కారడం ఆగింది. లోపలికి పొంగిన పేస్టు ఎండి, ఊడి, ఆయిల్ పోయే సన్న దారిని మూసేసింది. ఆయిల్ అందక ఇంజను బిగుసుకుపోయింది.

మొన్న మీ ఎదుటే ఇంజను విప్పినప్పుడు ఆ ముక్క నా చేతికి దొరికింది. దాన్ని చొక్కా జేబులో వేసుకుని, "శానా స్పీడుగా తోలినాడు మామా" అన్నాను. మీరు నా మెకానిక్ షెడ్డులో అందరి ముందూ, "ఇంక బండి తాకినావంటే చూడు! ఈడనుంచి నడిచి రా!" అని కొడుకును కసిరారు. వాడు చేతులు తుడుచుకోమని నాకు గుడ్డ అందించి, నడిచి వెళ్ళిపోయాడు.

ఆ ముక్కను ఈ కవరులోనే పెట్టాను. ఇంజను బాగుచేసి నేనే తెస్తాను. వాణ్ణి నలుగురిలో తిట్టారు కాబట్టి ఈ ఉత్తరాన్నీ నలుగురిలోనే చదివించండి. వాడి చేత మాత్రం వద్దు. నా తప్పు వచ్చేచోట చదవడం ఆపేస్తాడు.

మీ మేనల్లుడు