కుర్చీలో నిలవని మనిషి

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఫోన్లో చెప్పే మాట కాదు కాబట్టి చాలా ఏళ్లకు కలం పట్టాను. ఇల్లు చిన్నది, మీ పెదనాన్న చెవులు పెద్దవి. బస్సు నడిపినంతకాలం సీటులోంచి కదలని మనిషి, రిటైరయ్యాక ఏ కుర్చీలోనూ నిలవడం లేదు. కూర్చుంటారు, లేస్తారు, గేటు దాకా వెళ్లొస్తారు. నిన్న నేను కుర్చీ కింద ఊడుస్తుండగానే లేచిపోయారు. పక్క ఊళ్లో గోడౌనుకు కాపలా మనిషి కావాలట, ఉండటానికి గదీ ఇస్తారట. నెలాఖరుకి వెళ్లిపోతానంటున్నారు. ఇన్నాళ్లూ రోడ్డుకిచ్చిన మనిషిని ఇకనైనా నాకివ్వమని దేవుణ్ణి అడిగాను. నువ్వు మనసు గురించి చదువుతున్నావు కదా, ఆయనకేమైందో చెప్పు.

నీ పెద్దమ్మ

తా.క. దేవుడికి రెండు ముక్కల్లో చెప్పాను. ఆయనకు అన్నీ తెలుసు. నీకు తెలియవు కాబట్టి ఇంత రాశాను.

పెద్దమ్మకు నమస్కారాలు.

భయపడకు. ఏ పనికి బహుమతి దొరికితే మనిషి ఆ పనే మళ్లీ చేస్తాడని ప్రవర్తనావాదులంటారు. పెదనాన్న కూర్చుంటే ఇష్టమైనదేదైనా పెట్టు. మనోవిశ్లేషణ వాళ్లు ఇది ఒప్పుకోరు. మూలమంతా చిన్నతనంలో, తల్లి దగ్గర ఉంటుందంటారు. రెండూ చేసి చూడు.

నీ బుజ్జి

తా.క. పరీక్షలో ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. ఏది పనిచేసిందో త్వరగా రాయి.

బుజ్జీ, ఆశీస్సులు.

కూర్చున్నప్పుడల్లా బిస్కెట్టు ఇచ్చాను. ఆయన తెలివైనవారు. బిస్కెట్టు అందగానే లేస్తారు, ఇంకోదాని కోసం మళ్లీ కూర్చుంటారు. తిరుగుడు ఇదివరకటికంటే పెరిగింది. రాలిన పొడి ఊడుద్దామని చీపురు తెచ్చేసరికి గేటు దగ్గరున్నారు.

తర్వాత మెల్లగా, "చిన్నప్పుడు మీ అమ్మ మిమ్మల్ని సరిగా చూసిందా?" అని అడిగాను. "అదేం ప్రశ్నే?" అని వాళ్లమ్మకే ఫోను చేసి చెప్పారు. అత్తగారు మధ్యాహ్నం బస్సుకే దిగారు. ఇప్పుడు ఆ కుర్చీలో ఆవిడ ఉన్నారు. ఆవిడ అస్సలు లేవరు.

నీ పెద్దమ్మ

తా.క. అత్తగారి చిన్నతనం గురించి అడగమని మాత్రం రాయకు.

పెద్దమ్మా, నవ్వాను, క్షమించు.

కొందరు తలలో నడిచే ఆలోచనే కారణమంటారు, అదేమిటో అడుగు. ఇంకొందరు తప్పుపట్టకుండా వింటే చాలు, మనిషి తనే సర్దుకుంటాడంటారు. అంతా ఒంట్లోనే ఉందనేవాళ్లూ ఉన్నారు, రక్తపరీక్ష చేయించు. ఆయన లేచే ముందు గదిలో ఏం జరుగుతోందో కూడా చూసి రాయి.

నీ బుజ్జి

తా.క. మామ్మగారిని అడిగానని చెప్పు. వద్దులే, చెప్పకు.

బుజ్జీ, ఆశీస్సులు.

మీ చదువులోని పెద్దవాళ్లు కూడా మన చుట్టాల్లాగే, ఒకరి మాట ఒకరికి పడదన్నమాట.

రక్తం బాగుంది. రోజూ ఇంత నడుస్తున్నందుకు డాక్టరు మెచ్చుకుని పంపాడు. తలలో ఏం నడుస్తోందని అడిగితే "ఏమీ లేదు" అన్నారు. నమ్మాను. తప్పుపట్టకుండా విందామని ఎదురుగా నిలబడితే, "ఎవరైనా పోయారా?" అని కంగారుపడ్డారు. అత్తగారి మాటలూ అలాగే ఎదురు చెప్పకుండా విన్నాను. పోట్లాటకు ఎవరూ దొరక్క మర్నాడే ఊరెళ్లిపోయారు.

లేచే ముందు ఏం జరుగుతోందో కూడా చూశాను. పొద్దున నేను దుమ్ము దులుపుతున్నాను, లేచారు. తడిగుడ్డ పెడుతూ కాళ్లెత్తమన్నాను, లేచారు. దిండు గలీబు మారుద్దామని వచ్చాను, లేచారు. ఎంత చూసినా కారణం కనిపించడం లేదు.

నీ పెద్దమ్మ

తా.క. అటక మీది సంచి దించారు. సోమవారం ప్రయాణం. నేను దాన్ని కూడా దులిపాను.

పెద్దమ్మా, నీ ఉత్తరం నువ్వే ఒకసారి చదువుకున్నట్టు ఊహించుకో. ప్రతిసారీ గదిలోకి వచ్చింది నువ్వే, చేతిలో ఏదో ఒకటి పట్టుకుని. అవన్నీ పక్కన పెట్టి ఆయన దగ్గర కూర్చో.

నీ బుజ్జి

తా.క. ఇది ఏ వాదమో నాకూ తెలియదు.

బుజ్జీ, ఆశీస్సులు.

ముందు నీమీద కోపం వచ్చింది. ప్రార్థనలో కూర్చున్నాను, అక్కడా కిటికీ మీద దుమ్మే కనిపించింది. అప్పుడు నువ్వన్నది నిజమనిపించింది.

వెళ్లి ఆయన పక్కన స్టూలు మీద కూర్చున్నాను. చేతులు ఊరుకోకపోతే వాటి మీదే కూర్చున్నాను. ఆయన నావైపు చూసి, అలవాటుగా కాళ్లెత్తారు.

"ఊడవవా?"

"ఊడవను."

"నేను అడ్డం కదూ?"

"ఇన్నేళ్లూ ఖాళీ కుర్చీ చుట్టూ ఊడ్చానండీ. అడ్డం లేకపోవడమే నాకు కష్టంగా ఉండేది."

ఎత్తిన కాళ్లు దించారు. తర్వాత "గోడౌనుకు తాళం ఉంటుందిగా, మళ్లీ మనిషెందుకు?" అని సంచి అటకెక్కించారు.

నీ పెద్దమ్మ

తా.క. నిన్నటినుంచి నేను కూర్చున్న చోటునుంచి లేవడం లేదని ఆయనకు బెంగ పట్టుకుంది. నాకేమైందో చెప్పమని నీకు ఉత్తరం రాస్తున్నారు. నువ్వు బిస్కెట్ల సంగతే రాయి. ఈ కాగితాలు మాత్రం భద్రంగా దాచు. ఎవరికీ చూపకు, ముఖ్యంగా ఆయనకు.