కిటికీ పక్క కుర్చీకి ఒక ప్రతి

ముఖ్య పరిపాలనాధికారి గారి సముఖమునకు, నీటి కనెక్షన్ల కార్యాలయపు టైపిస్టు (ప్రస్తుతం స్టోరు రూము ముందు స్టూలు) సమర్పించుకొను అర్జీ.

విషయం: నేను స్వయంగా తయారు చేసుకున్న 214 వాయిస్ కమాండ్ల ఫైలును కొత్త కంప్యూటర్లోకి ఇంపోర్ట్ చేయించుట గురించి, చేయించనిచో నేను ఊరుకోకుండుట గురించి.

సూచిక: తమరు నాకిచ్చిన మెమో.

అయ్యా,

1. నేను ఈ కార్యాలయమందు పందొమ్మిదేళ్లుగా టైపిస్టుగా పనిచేయుచున్నాను. మూడేళ్ల క్రితం నా రెండు మణికట్లూ మొరాయించినవి. ఇకమీదట వేళ్లతో టైపు చేయరాదని డాక్టరు రాసిచ్చిన కాగితం తమ ఫైలులోనే ఉన్నది. నాటి నుండి, నోటితో చెబితే అక్షరాలుగా వేసే సాఫ్ట్‌వేరుతో పని చేయుచున్నాను. చేతులున్న రోజుల్లో పూటకు ఇరవై ఉత్తరాలు చేసేదాన్ని. నోటితో ముప్పై చేస్తున్నాను.

2. సదరు సాఫ్ట్‌వేరుకు భాష వచ్చును గాని మన ఆఫీసు రాదు. కనెక్షన్ రద్దు నోటీసు మొదటి నుంచి చివరిదాకా ప్రతిసారీ చదవలేక, ఒక్కో నమూనాకు ఒక్కో కమాండు కట్టుకున్నాను. కమాండుగా పెట్టిన మాట ఉత్తరాల్లో ఎక్కడా రాకూడదు. వస్తే, చెబుతున్న ఉత్తరం మధ్యలోనే యంత్రం ఆ పని చేసి కూర్చుంటుంది. ఆఫీసు కాగితాల్లో ఎన్నటికీ రానివి ఇంటి మాటలే గనుక అవే పెట్టుకున్నాను. "గిన్నెలు కడిగావా" అంటే రద్దు నోటీసు వచ్చును. "నోరు మూసుకుని తిను" అంటే మెమో వచ్చును. "పీడా విరగడైంది" అంటే పేరా చెరిగిపోవును. ఆదివారాలన్నీ ఇంట్లో దీనికే ధారపోశాను. గడియారాలు బాగుచేసుకుంటూ పక్క గదిలోంచి మా ఆయన, "ఏమేవ్, నన్నేనా?" అనేవాడు. అలా తయారైన ఫైలును తెచ్చి ఆఫీసు మెషీనులోకి ఇంపోర్ట్ చేసుకున్నాను.

3. గత నెల కొత్త కంప్యూటర్లు వచ్చినవి. నా ఫైలు పట్టుకుని కంప్యూటర్ల సెక్షను ఇంజనీరు దగ్గరకు వెళ్లాను.

"ఆమోదించిన లిస్టులో ఉన్న కమాండ్లే వెయ్యాలమ్మా."

"ఆ లిస్టేదీ?"

"ఇంకా తయారవలేదు. అందాకా చేత్తో కొట్టుకోండి."

నా చేతులు చూపించాను. ఆయన కీబోర్డు చూపించాడు.

4. తర్వాత నా కమాండ్లలో అభ్యంతరకరమైన మాటలున్నవని విచారణ జరిపించారు. "పెద్దాయన కునుకు తీశారు" అంటే పని భద్రమై, తెరకు తాళం పడును. ఆ పెద్దాయన ఎవరని అడిగారు. మా మామగారన్నాను. అది అబద్ధం. మా మామగారు పగలు పడుకోరు.

5. పదిహేను రోజుల్లో చేత్తో టైపు చేసి చూపాలి, లేదా గేటు దగ్గర రిజిస్టరు రాయాలి, రెండూ చేతకాకుంటే అనర్హురాలినై ఇంటికి పోవాలి అని మెమో ఇచ్చారు. రిజిస్టరు కూడా చేత్తోనే రాస్తారని తమరికి ఎవరైనా చెప్పాలి. నాకు పని చేతకాక కాదు, తమరు చెయ్యనివ్వక ఆగింది. నేను వెళ్లను.

6. సదరు మెమో అడుగున "ప్రతి: మూడో గది, కిటికీ పక్క కుర్చీకి" అని ఉన్నది. ఆ కుర్చీ నాది. ప్రతి మెమోకూ ఒక నకలు నా దగ్గరకు చేరాలని ఆ వరుసను నా కమాండులో నేనే పెట్టుకున్నాను. ఇప్పుడక్కడ కుర్చీ లేదు, ఇనుప బీరువా ఉన్నది. తమ బంట్రోతు ఆ నకలును బీరువా మీద పెట్టి వెళ్లాడు. అనగా, నన్ను ఇంటికి పంపే మెమోను తమ పేషీలో ఎవరో "నోరు మూసుకుని తిను" అనే తయారు చేశారు. లిస్టులో లేని నా ఫైలు తమ గదిలో చక్కగా పనిచేస్తున్నది.

"అక్కా, నావి కూడా చేతులు పడిపోతున్నాయి, నీ మాటలు నా దాంట్లో వేసిపెట్టవూ?" అని అడిగినవారికల్లా ఇచ్చాను. ఎవరెవరన్నది ఎన్ని విచారణలు పెట్టినా చెప్పను.

కావున, నా ఫైలును నా కంప్యూటర్లోకి, నా కుర్చీని కిటికీ పక్కకు దిగుమతి చేయించవలెను. ప్రార్థించుట లేదు. పందొమ్మిదేళ్ల పని చూసి చిత్తగించవలెను. అది కనబడకపోతే బీరువా మీది కాగితం చూసి అయినా చిత్తగించవలెను.

ఇట్లు,
ఇప్పటికి తమ విధేయురాలు,
టైపిస్టు

తా.క.: ఈ అర్జీ స్టోరు రూములో పడేసిన నా పాత మెషీను మీద, కమాండ్లు ఆపి ఉంచి, నోటితోనే చేశాను. ఆరో అంశం మీద నమ్మకం కలగకపోతే, మెమో తయారైన కంప్యూటరు ముందు మైకు పెట్టుకుని తమరే ఒక్కసారి గట్టిగా "పెద్దాయన కునుకు తీశారు" అనండి. ఎవరి గొంతయినా ఫరవాలేదు. తెరకు తాళం పడకపోతే రేపే ఇంటికి పోతాను. పడితే, తీయడానికి నన్ను పిలవండి. స్టూలు మీదే ఉంటాను.