వాగు అందరిదీ

అన్నయ్యా,

భయపడకు. కోట కాలలేదు, నాన్నగారు క్షేమం. విట్టెన్‌బర్గ్‌లో చదువు ఆపి పరుగున వచ్చిన నేను కళ్ళారా చూశాను.

తిరగబడిన మన రైతులు కాగడాలతో వచ్చారు. మన వాగులో చేప పట్టినందుకు కొరడా దెబ్బలు తిన్నవాళ్ళే. నాన్నగారు ఒంటరిగా గుర్రమెక్కి ఎదురెళ్ళారు. కమ్మరి ఎండ్రెస్ అరిచాడు: "దొరా, ముందు గుర్రం దిగు! మేమూ క్రీస్తు బిడ్డలమే. వాగు అందరిదీ అని ఒట్టెయ్!"

నాన్నగారి కోపం నీకు తెలుసు కదా, కత్తి దూస్తారనుకున్నాను. ఆయన మెల్లగా దిగి, టోపీ తీసి, "అందరిదీ. కానీ పెద్ద చేప నాకే పెట్టాలిరా!" అన్నారు. అందరూ పగలబడి నవ్వారు. ఒక్క మాట ఇంత భారం దించగలదని నాకిప్పుడే తెలిసింది.

రైతులను అణచడానికి నువ్వున్న సైన్యం ఇటే వస్తోందట. ఇక్కడ శిక్షించాల్సినవాళ్ళు లేరని మీ సేనాపతికి చెప్పు. నాన్నగారిప్పుడు ఎండ్రెస్‌ను "తమ్ముడూ" అంటున్నారు. మన బాబాయి మీద కత్తి ఎత్తనివ్వకు.

నీ తమ్ముడు