గడి స్తంభం మీద దెబ్బలు

రాజన్నా,

నిన్న సాయంత్రం మనవాళ్లం గడిలో భాగవతం ఆడాం. దొరలు పట్నం వెళ్లిపోయాక, ఎల్లారెడ్డి దగ్గరున్న ఆ గడిని మ్యూజియం చేశారు. దాని వాకిట్లో ఆడటానికి ఊరూరి మేళాలను పిలుస్తున్నారు. ఈసారి మనల్ని పిలిచారు. నువ్వు కట్టే హిరణ్యకశిపుడి వేషం నేనే కట్టాను.

"నీ హరి ఈ స్తంభంలో ఉన్నాడా?" అని ప్రహ్లాదుణ్ని గద్దించి, స్తంభం వైపు తిరిగాను.

అదే స్తంభం. "వేషం మీదున్న రాజు దొరకు మొక్కడు" అన్నందుకు నిన్ను దానికే కట్టి, కిరీటం కూడా తీయనివ్వకుండా కొట్టారు. కామారెడ్డి దవాఖానా చేరకముందే బండిలో నువ్వు పోయావు.

ఆటలో గదతో ఒక్క దెబ్బే కొట్టాలి. నా చెయ్యి ఆగలేదు. సున్నం పెచ్చులు రాలాయి. గద విరిగింది. విరిగిన కట్టెతోనే కొట్టాను. అరచేతులు చీరుకుపోయి రక్తం కారింది.

"ఆపమ్మా, పాత కట్టడం!" అని మ్యూజియం అధికారి అరిచాడు.

జనంలోంచి ఒక అవ్వ లేచింది. "కొట్టనియ్యి సారూ! దాని అన్నను గీడనే సంపిండ్రు."

స్తంభం వెనక నరసింహుడి వేషంలో ఉన్న తమ్ముడు, నేను అలిసేదాకా బయటికి రాలేదు. వచ్చి నన్ను ఒళ్లో వేసుకుని, పేగులు తీస్తున్నట్టు వంగి చెవిలో అన్నాడు: "సాలక్కా, ఇగ సావు."

చచ్చినట్టు పడుకున్నాను. జనం చప్పట్లు కొట్టారు. నిన్ను కొట్టిన రోజు తలలు వంచుకుని నిలబడ్డ జనమే. ఆ చప్పట్లు ఆగేదాకా నేను కళ్లు తెరవలేదన్నా.

నీ చెల్లె,
లచ్చవ్వ