మిథున రాశి వారు వంతెన దాటరాదు

చిట్టితల్లికి అమ్మ దీవెనలు. ఇక్కడ అందరం క్షేమం, అంటే ఈ ముక్క రాసేవరకు. నువ్వూ క్షేమమేనన్నావు గానీ ఉత్తరంలో రెండుచోట్ల అక్షరాలు వణికాయి. జ్వరమా?

నా మోకాలు అడిగావు, అలాగే ఉంది. అన్నయ్య ఇంకా హెల్మెట్ లేకుండానే తిరుగుతున్నాడు. నువ్వైనా ఓ మాట చెప్పు.

మీ పేపరుకి ఎనభై ఏళ్ళు నిండాయని, దాని చరిత్ర నిన్నే రాయమన్నారని తెలిసి కళ్ళు చెమర్చాయి. మీ నాన్న బతికినంతకాలం అక్షరాలు పేర్చిన ఆఫీసు కదా. వంతెన కూలిన రోజు పేపర్లో "మిథున రాశి వారు వంతెన దాటరాదు" అని వేసి ఎడిటరు గారి ప్రాణం కాపాడిన జ్యోతిష్కుడి మీద ఓ అధ్యాయమే రాశావట. ఆయన ఫొటో గానీ చేతిరాత గానీ దొరకలేదు, నాన్న ఏమైనా చెప్పేవారా అన్నావు.

శుక్రవారం అచ్చుకి పోతుందన్నావు గనక దాచలేను. ఎప్పుడూ నా ఉత్తరాలు రాసిపెట్టే వదినకి తెలియకూడదని నేనే కూడబలుక్కుని రాస్తున్నాను.

అసలు జ్యోతిష్కుడు నీ మూడో క్లాసులోనే చెప్పాపెట్టకుండా మానేశాడు. నేను క్యారేజీ తీసుకెళ్ళేసరికి నాన్న తల పట్టుకుని కూర్చున్నారు.

"పన్నెండు రాశులకీ ఏదో ఒకటి చెప్పవే!"

"గ్రహాల సంగతి నాకేం తెలుసండీ?"

"గ్రహాలెందుకు? నీ భయాలు చెప్పు. పన్నెండుకి తక్కువుండవు."

నేను చెబుతుంటే ఆయన నేరుగా సీసపు అక్షరాలు పేర్చేశారు. ఇక చేతిరాత ఎక్కడ దొరుకుతుంది తల్లీ? అలా పదకొండేళ్ళు.

సింహం మీ పెద్ద మామయ్య, కోపం తగ్గించుకోవాలి. మిథునం నువ్వు. నీకు జలుబు చేస్తే ఊళ్ళో మిథునం వాళ్ళందరికీ పెరుగు మాన్పించాను. ఎడిటరు గారూ మానేశారట, నాన్న నవ్వాపుకోలేక చచ్చారు.

వంతెనంటావా, నీ బడి ఏటికి అవతల, నీకేమో ఈత రాదు. అందుకని ఆ మాట ప్రతి సోమవారం వేయించాను. పాపం, ఎడిటరు గారు సోమవారాలు ఆఫీసుకే రాలేదు. అది కూలింది ఒక్కసారి. ఆ రోజు మీ బడికి సెలవిచ్చారు గనక బతికాం. ఊరంతా నా మాట విన్నది, నువ్వు తప్ప.

చెబితే నీ ఉద్యోగానికి ముప్పేమో, చెప్పకపోతే నీ పుస్తకంలో అబద్ధం పడుతుందేమోనని నాలుగు రోజులుగా మెతుకు దిగడం లేదు. నా ఫొటో కవరులో పెట్టాను. అందులో కళ్ళు మూసుకుపోయాయి, కానీ నాకున్నది అదొక్కటే. వేస్తావో మానతావో నీ ఇష్టం.

ఇంతకీ ఈత నేర్చుకున్నావా?

ఇట్లు,
మీ పేపరు జ్యోతిష్కుడు,
అనగా నీ అమ్మ.